గ్రాముల మామయ్య

మామయ్య మనుషుల్ని పలకరించేవాడు కాదు, తూచేవాడు.

ఎప్పుడొచ్చావు, ఎలా ఉన్నావు, ఇంట్లో అందరూ కులాసాయేనా అని లోకం అడిగే చోట ఆయన ఒక్కటే అడిగేవాడు: "ఎంత?" ఆయన షెడ్డు గుమ్మంలో గడప ఉండాల్సిన చోట ఒక కాటా ఉండేది. లోపలికి అడుగు పెట్టాలంటే ముందు దాని మీద అడుగు పెట్టాలి. ముల్లు ఊగి ఊగి నిలబడేదాకా ఆయన చూపు ముల్లు మీదే ఉండేది. ఆ తరువాతే తల ఎత్తి, వచ్చింది ఎవరో గుర్తుపట్టేవాడు. కొందరిని అప్పుడు కూడా గుర్తుపట్టేవాడు కాదు గాని, వాళ్ల బరువు మాత్రం పదేళ్ల తరువాత అడిగినా చెప్పేవాడు.

ఆయన విమానాలు చేసేవాడు. పెద్దవి కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మూడోవాడి ఊసు కూడా పట్టనంత చిన్నవి. ఒకప్పుడు నూలు బేళ్లు దాచిన రేకుల షెడ్డులో, పన్నెండు మంది పనివాళ్లతో, ఇరవై ఆరేళ్లలో తొమ్మిది విమానాలు చేశాడు. కొయ్య ఎముకలు, గుడ్డ చర్మం, ముక్కున చిన్న ఇంజను. పొద్దుటి ఎండ రేకుల సందుల్లోంచి పడినప్పుడు సగం కట్టిన రెక్క లోపలి బద్దలన్నీ నేల మీద నీడై పరుచుకునేవి. ఆ నీడను కూడా తూచగలిగితే తూచేవాడని పనివాళ్లు అనుకునేవారు. వాళ్లు ఆయనకు చాటుగా పెట్టుకున్న పేరు గ్రాములాయన. మేనకోడలు ఉద్యోగంలో చేరాక ఆ పేరుకు వరుస కూడా కలిసి గ్రాముల మామయ్య అయింది.

మేనకోడలు ఆ ఉద్యోగంలో చేరిన తీరు కూడా తూకమే. డ్రాయింగులు గీసే చదువు ముగించి, సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని వచ్చింది. గుమ్మంలో కాటా ఎక్కింది. నలభై తొమ్మిది. లోపలికి వచ్చి ఫైలు చాపితే ఆయన తెరవకుండానే బల్ల మీది చిన్న త్రాసులో పెట్టాడు.

"నాలుగు వందల ఇరవై గ్రాములు. ఇందులో పనికొచ్చే కాగితం ఏది?"

ఆమె కాసేపు ఆలోచించింది. "చివరిది, మామయ్యా."

"మిగతావన్నీ ఎందుకు మోసుకొచ్చావు?"

"మీరు అడుగుతారేమోనని."

"మొయ్యక్కర్లేనిది మొయ్యడం నాకు నచ్చదు" అని చివరి కాగితం ఉంచుకుని ఫైలు తిరిగిచ్చాడు. "సోమవారం రా. పెన్సిలు మాత్రం తెచ్చుకో. పొడుగ్గా ఉంటే సగానికి విరుచుకో."

ఇంట్లోనూ ఇదే వరస. అత్తయ్య వంటింట్లో గరిటెల కాడలన్నిటికీ వరసగా చిల్లులుండేవి. బరువు తగ్గించడానికి విమానం భాగాలకు ఎలా చిల్లులు తొలుస్తారో అలా, పెళ్లైన కొత్తలో ఒక ఆదివారం కూర్చుని తొలిచాడట.

"ఇల్లు ఎగరదు కదండీ" అందట అత్తయ్య.

"ఎగరాల్సి వస్తే?"

ఆవిడ చదువుకునే పుస్తకాలకు అట్టలుండేవి కావు. కథ లోపలే ఉంది కదా అని ఆయన వాదన. బీరువాకు వెనక చెక్క ఉండేది కాదు, వెనక గోడ ఉంది కదా అని. అత్తయ్యను మాత్రం ఆయన జీవితంలో ఒక్కసారే తూచాడు. పైకి చదివాడు కూడా. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాటి నుంచి ఆవిడ బరువు ఆయనకు తెలియని ఏకైక విషయమై మిగిలిపోయింది.

షెడ్డులో పనివాళ్లకు అంత ధైర్యం లేదు, కాని మాటలకు లోటు లేదు. వడ్రంగి ఒక బద్దను రోజంతా చిత్రిక పట్టి, కాగితంలా చేసి, మురిసిపోతూ తెచ్చేవాడు.

"ఎంత సన్నం చేశానో చూడండి సార్."

"సన్నం నాకు కనబడదు. పొట్టు తీసుకురా."

బద్దలో మిగిలింది కాదు, బద్దలోంచి పోయింది చూస్తే గాని ఆయనకు తృప్తి లేదు. వడ్రంగి ఒకసారి తెలివిగా పాత పొట్టు కూడా కొంత కలిపి తట్టతో తెచ్చాడు. మామయ్య గుప్పెడు తీసి గాల్లోకి వదిలి, అది నేల మీద వాలేదాకా చూశాడు.

"ఇందులో పావు వంతు నిన్నటిది."

"మీకెలా తెలుసండీ?"

"నిన్నటిది ఆరింది. దిగడానికి తీరిగ్గా దిగుతోంది."

రెక్కలకు గుడ్డ కుట్టే ఆవిడ ఒక్కతే ఆయనకు ఎదురు చెప్పేది. "ఈ ముడి అవసరమై వేస్తున్నావా, అలవాటుకొద్దీ వేస్తున్నావా?" అని ఆయన వంగి చూస్తే, ఆవిడ సూది ఆపకుండానే, "వెయ్యను సార్. గాల్లో గుడ్డ విప్పుకుంటే మీరెళ్లి కుట్టిరండి" అనేది. ఆయన గంభీరంగా తల ఊపి వెళ్లిపోయేవాడు. ముడి ఉండిపోయేది.

అందరిలోకీ ఎక్కువ తిట్లు తిన్నది మాత్రం పైలట్ బాబాయి. అత్తయ్యకు తమ్ముడు, మామయ్యకు బావమరిది. గుండ్రటి మనిషి, గుండ్రటి నవ్వు, నడకలో మాత్రం ఒక పక్కకు ఒరుగు. ఆ షెడ్డులో పుట్టిన ప్రతి విమానాన్నీ మొదటిసారి నేల మీంచి లేపింది ఆయనే. ఆయన కాటా ఎక్కిన ప్రతిసారీ పనివాళ్లు చేతిలో పని ఆపి చెవులు రిక్కించేవారు.

"ఎనభై నాలుగు" అనేవాడు మామయ్య, చావుకబురు చెప్పే గొంతుతో.

"నిన్న ఒక్క పూటే తిన్నాను బావా."

"ఏ పూట? పొద్దున్న మొదలై రాత్రి ముగిసిన పూటేనా?"

"నీళ్లు తాగినా లావెక్కే ఒళ్లురా దేవుడా ఇది."

"అయితే నీళ్లు నమలకు."

మొదటిసారి ఎగిరే రోజున బాబాయి జేబులు మామయ్యే వెతికేవాడు. రుమాలు తీసేసేవాడు. తాళంచెవులు తీసేసేవాడు. ఒకసారి అరటిపండు దొరికితే, ఒలిచి, తొక్క తన దగ్గర ఉంచుకుని పండు తిరిగి జేబులో పెట్టాడు. "ఆ మాత్రం దయ ఉందన్నమాట" అన్నాడు బాబాయి. మెత్తబడ్డ పండు జేబులో పెట్టుకునే ఎగిరి, దిగాక జేబు బయటికి లాగి కడుక్కున్నాడు.

ఆయన నడకలోని ఒరుగు గురించి మాత్రం షెడ్డులో ఎవరూ మాట్లాడేవారు కాదు. అది మొదటి విమానం ఇచ్చింది. ఎనిమిదో రోజున గాల్లో ఇంజను ఆగిపోతే బాబాయి ఒక కోసిన పొలంలో దింపాడు. దిగడం పెద్ద దెబ్బేమీ కాదని చూసినవాళ్లందరూ చెప్పారు. కాని సీటు కింద ఆసరా పుటుక్కున విరిగి మనిషి కిందికి కూలాడు. తుంటి ఎముక ముక్కలైంది. ఏడు నెలలు మంచం మీద ఉన్నాడు. లేచి వచ్చిన రోజున అందరి ముందూ ఒకే షరతు పెట్టాడు: ఆ సంగతి ఎవరైనా ఎత్తిన రోజున తాను ఇంక విమానం ఎక్కడు. ఎవరూ ఎత్తలేదు. రెండో విమానం ఎగిరింది. ఆపైన మరో ఏడు ఎగిరాయి.

తొమ్మిదోది అమ్మాక మూడేళ్లపాటు కొత్తది అడిగినవాళ్లు లేరు. పదోదాన్ని మామయ్య ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు. అది పూర్తయ్యే వేళకు, విమానం నడపడం నేర్పే ఒక బడి నుంచి ఉత్తరం వచ్చింది. ఆరు విమానాలు కావాలి. కాని తేలిక తరగతి ధ్రువపత్రం ఉంటేనే. ఆ తరగతిలో ఖాళీ విమానం మూడు వందల కిలోలు దాటకూడదు. పై వారం గురువారం ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి తూస్తాడు. దాటితే ఆ ఆరూ లేవు. ఆ ఆరూ లేకపోతే నెలాఖరుకు షెడ్డుకు తాళం, పన్నెండు మందీ వేరే దారి చూసుకోవాలి. మామయ్య ఈ మాట అందరినీ పిలిచి తానే చెప్పాడు. చెప్పి, అలవాటుకొద్దీ ఆ ఉత్తరాన్ని కూడా తూచాడు.

విమానాన్ని తూచడం అక్కడ ఒక ప్రార్థనలాంటిది. మూడు చక్రాల కింద మూడు కాటాలు. ముందుగా తలుపులన్నీ మూసేవారు. పిల్లగాలి వచ్చి రెక్కల కింద చెయ్యి పెట్టినా ముల్లు అబద్ధం చెబుతుంది. అందరూ గోడలకు ఆనుకుని, ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటూ నిలబడేవారు. మూడు అంకెలు మేనకోడలు చదివి, కూడింది.

"మూడు వందల మూడు కిలోలు, మామయ్యా."

ఆయన చొక్కా చేతులు మడిచాడు.

ఆ తరువాతి వారం ఆ షెడ్డులో ఎవరూ మరిచిపోలేదు. మరమేకుల తలకాయలు అరగదీశారు. మ్యాపు పెట్టుకునే సంచి పోయింది. విమానం పక్కన వేసిన ఎర్ర గీతను, అది వేలెడు వెడల్పే అయినా, గోకేశారు. సాయంకాలం కాగానే మేనకోడలు గీసిన భాగాల పట్టికను మామయ్య బిగ్గరగా చదివేవాడు. ఒక్కొక్క భాగానికీ దాన్ని చేసిన మనిషి లేచి, అది ఎందుకు అంత బరువో సంజాయిషీ చెప్పుకోవాలి. ఎడమ రెక్క లోపల ఏదో దొర్లుతున్న చప్పుడు వస్తోందని గుడ్డ కొంచెం విప్పితే, ఒక పెన్సిలు ముక్క బయటపడింది.

"ఆరు గ్రాములు" అన్నాడు మామయ్య, వడ్రంగిని చూడకుండా.

"మూడు వారాలుగా దానికోసం ఇల్లంతా వెతికిస్తున్నాను సార్. మా ఆవిడ మీద అరిచాను కూడా."

"ఇవాళ వెళ్లి ఆవిడకు చెప్పు, విమానంలో తిరిగొచ్చిందని" అంది కుట్టుపనావిడ.

మంగళవారానికి మూడు వందల ఒక కిలో మూడు వందల గ్రాముల దగ్గర ఆగింది. ఇంక తియ్యడానికి ఏమీ లేదు. ఇంక తీస్తే విమానం ఉండదు.

అప్పుడు మేనకోడలికి ఒక సంగతి కనబడింది. ఆ విమానంలో ఉన్న ప్రతి భాగాన్నీ గీసింది ఆమే. ప్రతిదాని బరువూ రాసుకున్నదీ ఆమే. అన్నీ కూడితే రెండు వందల తొంభై ఏడు కిలోల తొమ్మిది వందల గ్రాములు రావాలి. కాటా మాత్రం మూడు కిలోల నాలుగు వందలు ఎక్కువ చూపిస్తోంది. మూడుసార్లు కూడింది. తేడా అలాగే కూర్చుని ఉంది.

"మామయ్యా, లెక్కకూ కాటాకూ మూడు కిలోల నాలుగు వందలు తేడా వస్తోంది."

"మళ్లీ కూడు."

"మూడుసార్లు కూడి చూశాను."

"నాలుగోసారి కూడు" అని ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె ఆశ్చర్యపోయింది. పెన్సిలు ముక్కకు పంచాయితీ పెట్టిన మనిషి, ఇంత బరువు మాట చెబితే తల తిప్పుకున్నాడు.

ఆమె నాలుగోసారి కూడలేదు. పాత విమానాల కాగితాలు తీసింది. మొదటి విమానంలో లెక్కా కాటా కొద్ది గ్రాముల తేడాతో కలిశాయి. రెండోదాంట్లో తేడా మూడు కిలోల నాలుగు వందలు. మూడోదాంట్లో అంతే. తొమ్మిదోదాకా అదే. ఎనిమిది విమానాలు ఒకే రహస్యాన్ని గ్రాము తేడా రాకుండా మోస్తూ ఎగిరిపోయాయి.

బుధవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక ఆమె విమానంలోకి దూరింది. తాను గీసిన ప్రతి చోటూ ఆమెకు తెలుసు కాబట్టి, తాను గీయనిది వెతికింది. వేళ్లతో తడుముతూ, తడుతూ వెళ్లింది. సీట్ల కింద పలుచని చెక్క పలక దగ్గర చప్పుడు మారింది. నాలుగు మరలు విప్పి టార్చి వేసింది.

లోపల సన్నటి ఉక్కు గొట్టాల చట్రం ఒకటి ఉంది. రెండు సీట్ల కిందా, అటూ ఇటూ వంగి, పైనుంచి పడేదాన్ని పట్టుకోవడానికి ఎవరో చీకట్లో దోసిలి పట్టి కూర్చున్నట్టుంది. అతుకులు మాత్రం గడ్డలు గడ్డలుగా, చూడలేనట్టున్నాయి.

భోజనం నుంచి వచ్చిన వెల్డరును పక్కకు పిలిచి చూపించింది. "ఇవి నీ అతుకులా?"

వెల్డరు మొహం చిన్నబోయింది. "నన్నలా అవమానించకమ్మా. నా అతుకులు చేప పొలుసుల్లా ఉంటాయి. ఇవి సార్‌వి. మేమంతా సెలవులో ఉన్న రోజున ఆయనొక్కడే వచ్చి వేసుకుంటాడు. గట్టితనం మాత్రం నన్ను చూసిపెట్టమంటాడు."

"గట్టిగా ఉన్నాయా?"

"ఏనుగు కూర్చున్నా విరగవు. కాని ఏనుగుకు కూడా నచ్చవు."

ఆమె నేరుగా మామయ్య బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.  చేతికంటిన గ్రీజు చూసి ఆయనకే అర్థమైంది. చాలాసేపు త్రాసు పళ్లెం మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి కూర్చున్నాడు.

"మొదటి విమానంలో సీటు కింద ఆసరా పలకకు ఎన్ని చిల్లులు గీశామో తెలుసా?"

"అయిదు. కాగితంలో చూశాను."

"నేను ఏడు తొలిచాను."

"ఎందుకు మామయ్యా?"

"ఇరవై రెండు గ్రాములు తగ్గుతుందని."

ఆయన త్రాసును పక్కకు జరిపాడు.

"వాడు ఆ సంగతి ఎత్తద్దన్నాడు. నేను క్షమించమని అడగడానికైనా ఎత్తాలి కదా. అందుకని అడగలేదు. అది చేశాను."

"దాన్ని తీసేస్తే విమానం ఇవాళే నెగ్గుతుంది."

"తెలుసు."

"తియ్యరా?"

"షెడ్డు మూసేస్తాను గాని అది తియ్యను. పన్నెండు మందికీ ఏం చెప్పాలో రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను." ఆయన గొంతు చాలా మామూలుగా ఉంది. "ఇన్నేళ్లూ అందరి దగ్గరా గ్రాములు గ్రాములుగా అడుక్కున్నది దేనికనుకున్నావు? మూడు కిలోల నాలుగు వందలు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదమ్మా. తప్పు నాది. దాని బరువు ఇంజను ఎందుకు మొయ్యాలి?"

ఆమె కళ్లముందు నుంచి ముడులు, మరలు, చిత్రిక పొట్టు, ఒలిచిన అరటిపండు ఒక్కొక్కటే నడిచి వెళ్లాయి. 

"బాబాయికి తెలుసా?"

"తెలియకూడదు."

"రేపు ఇన్‌స్పెక్టర్ వస్తాడు మామయ్యా. కాగితం మీద లేని వస్తువు విమానంలో ఉంటే, బరువు చూడకుండానే కాదనేస్తాడు. నేను దీన్ని గీస్తాను."

ఆయన కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయాడు. ఆమె చెప్పని రెండో సగం ఆయనకు తెలుసు. పైలట్ కూర్చునే చోట ఏ భాగం పెట్టినా, ఆ డ్రాయింగు మీద పైలట్ సంతకం ఉండాలి. అది ఆ కంపెనీలో అన్నిటికన్నా గట్టి నియమం. మొదటి విమానం తరువాత దాన్ని పెట్టింది మామయ్యే. తాను పెట్టిన నియమానికి తానే అడ్డం పడలేక మెల్లగా కూర్చున్నాడు.

సాయంకాలానికి డ్రాయింగు తయారైంది. బాబాయి కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఏంటమ్మాయ్ ఇది, ఉయ్యాలా? ఎప్పుడు పెట్టారు?"

"రెండో విమానం నుంచి ఉంది బాబాయ్."

ఆయన విమానం దగ్గరికి నడిచి, వంగి, సీటు కిందికి తల దూర్చాడు. తల తరువాత భుజాలు వెళ్లాయి. పొట్ట దగ్గర ప్రయాణం ఆగింది. రెండు కాళ్లు బయట ఉండిపోయాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. మామయ్య అందరికన్నా వెనక నిలబడ్డాడు. చాలాసేపటి దాకా కాళ్లు కదల్లేదు.

"బాబాయ్, ఇరుక్కున్నావా?" అంది మేనకోడలు.

"ఊఁ."

"లాగమంటావా?"

"కాసేపాగి లాగండి" అంది లోపలి గొంతు. అది రోజూ వినే గొంతులా లేదు.

కాసేపాగి వడ్రంగీ వెల్డరూ చెరో కాలు పట్టుకుని లాగారు. బాబాయి లేచి కూర్చుని మొహం తుడుచుకున్నాడు. మసి కన్నీళ్లతో కలిసిందో చెమటతో కలిసిందో చెప్పడం కష్టం.

"బావా, ఆ అతుకులేంటి అంత ఘోరంగా ఉన్నాయి?"

"నేనే వేశాను."

"తెలుస్తూనే ఉంది." బాబాయి చొక్కా దులుపుకున్నాడు. "ఏడు చిల్లులని నాకు తెలుసు."

మామయ్య అందరినీ దాటుకుని ముందుకు వచ్చాడు.

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునే చూశాను, ఆ విరిగిన పలకను. అయిదు గీసిన చోట ఏడున్నాయి. ఒకటి పక్క చిల్లును ఆనుకుని ఉంది. అక్కడే విరిగింది."

"మరి ఎందుకు అనలేదురా?"

"అంటే నువ్వు విమానాలు చెయ్యడం మానేస్తావు. అప్పుడు నేనేం నడపను, ఎద్దులబండా? అందుకే ఎవరూ ఆ ఊసెత్తద్దన్నాను. నువ్వు వెళ్లి ఇలా దొంగచాటుగా ఇనుము కట్టుకుంటావని నాకేం తెలుసు." బాబాయి పెన్ను అడిగి, విమానం తోక మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. చేసి తల ఎత్తాడు. "అయితే బావా, ఎనిమిది విమానాలుగా నా తిండి మీద పడి ఏడ్చింది దీనికోసమా?"

"కాదు" అన్నాడు మామయ్య. "నీ తిండి నిజంగానే ఎక్కువ."

షెడ్డంతా నవ్వింది. అది సద్దుమణిగాక అందరికీ గుర్తొచ్చింది, ఇంకా ఒక కిలో మూడు వందల గ్రాములు ఎక్కువ ఉందని.

బాబాయి లేచి, కుంటుకుంటూ వెళ్లి, సీటు మీది దిండు ఊడదీశాడు. అది ఆయన తుంటి కోసం డాక్టరు చెప్పిన కొలతతో చేసినది. కింద చెక్క, పైన దట్టంగా దూది. రెండో విమానం నుంచి అది కూడా విమానంలో భాగమే. పట్టికలో దానికి ఒక వరస ఉంది. సాయంకాలాలు పట్టిక చదివేటప్పుడు మామయ్య ఆ వరస దగ్గర ఒక్కసారి దగ్గి కింది వరసకు వెళ్లిపోయేవాడు. అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు.

బాబాయి దాన్ని త్రాసులో పెట్టాడు. "ఒక కిలో నాలుగు వందల యాభై. ఇది నీకు కనబడలేదా బావా?"

"వద్దు. నువ్వు ఉత్త చెక్క మీద కూర్చోలేవు."

"ఇన్నేళ్లు దోసిట్లో కూర్చోబెట్టి తిప్పావు. ఈ మాత్రం నేనియ్యకూడదా?"

మామయ్య దిండు వైపు చూశాడు, బావమరిది వైపు చూశాడు, పట్టిక తీసి దిండు వరస కొట్టేశాడు.

గురువారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. గుమ్మంలో కాటా ఎక్కమంటే బిత్తరపోయి ఎక్కాడు. తొంభై ఒకటి. "నన్నెందుకు తూస్తున్నారు?" అన్నాడు. "ఇక్కడ నమస్కారం అంటే ఇదే సార్" అంది కుట్టుపనావిడ. ఆయన డ్రాయింగులన్నీ తిరగేశాడు. చట్రం దగ్గర ఆగాడు.

"ఇది కొత్తగా పెట్టిందా?"

"పాతదే సార్. గీసింది కొత్తగా" అంది మేనకోడలు.

ఆయన వంగి, టార్చి వేసి చూసి, "ఈ అతుకులు..." అన్నాడు.

"గట్టివి" అన్నాడు వెల్డరు, కడుపు మండిపోతున్నా.

ఇన్‌స్పెక్టర్ చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని గుంజి చూశాడు, తన బరువంతా వేసి నొక్కి చూశాడు. తొంభై ఒక్క కిలోలకు అది మూలగను కూడా లేదు. తలుపులు మూశారు. మేనకోడలు మూడు అంకెలూ చదివింది. కూడే ముందు ఒకసారి కళ్లు మూసుకుని తెరిచింది.

"రెండు వందల తొంభై తొమ్మిది కిలోల ఎనిమిది వందల యాభై గ్రాములు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వడ్రంగి చెవి మీది పెన్సిలు తీసి, ఆనుకున్న గోడ మీద ఆ అంకె రాశాడు. ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశాడు.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాడు మామయ్య. "ఇంకా నూట యాభై గ్రాములు మిగిలాయి."

"మిగిలితే మంచిదే కదండీ."

మామయ్య కుట్టుపనావిడ వైపు తిరిగాడు. "రెక్క గుడ్డ ముక్కలున్నాయి కదా. దూది ఎంత పడుతుంది?"

ఆవిడ దేనికని అడగకుండానే లేచింది. రెండు వేళ్ల మందాన, సీటుకు సరిపడా చిన్న దిండు కుట్టింది. అరగంట పట్టింది. ఇన్‌స్పెక్టర్ ఆ అరగంటా తన కుర్చీకి కూడా తొలిచి ఉన్న చిల్లుల్లో వేలు పెట్టి తీస్తూ కూర్చున్నాడు. చివరి ముడి దగ్గర ఆవిడ ఆగి మామయ్యను చూసింది.

"ముడి వెయ్యనా సార్?"

"రెండు వెయ్యి."

దిండు నూట నలభై గ్రాములు తూగింది. మామయ్యే తీసుకెళ్లి సీటు మీద పరిచి, మధ్యలో చేత్తో నొక్కి సరిచేశాడు. బాబాయి తల గోక్కున్నాడు. మళ్లీ తలుపులు మూశారు. మళ్లీ అందరూ ఊపిరి బిగబట్టారు. రెండు వందల తొంభై తొమ్మిది కిలోల తొమ్మిది వందల తొంభై గ్రాములు.

ఇన్‌స్పెక్టర్ సంతకం చేసి, కాగితం మామయ్య చేతికిస్తూ కాస్త నవ్వాడు. "ఇంకా పది గ్రాములు మిగిలాయండీ మీకు."

మామయ్య ఆ కాగితాన్ని తూచలేదు. మడిచి జేబులో పెట్టుకుని, షెడ్డులో నిలబడ్డవాళ్లందరినీ ఒకసారి చూశాడు.

"ఉండనివ్వండి" అన్నాడు. "ఎవరికైనా అవసరం రావచ్చు."